బస్తీ పాఠాలు – 14: అంటు

ఫిబ్రవరి 10న మా కాలేజీలో మాత్రలు పంచారు.

నేను పాతబస్తీలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ, నులిపురుగుల మాత్రలు వస్తాయి. 2015 నుంచి దేశమంతా నడుస్తున్న కార్యక్రమమే. ఏడాది నిండిన పసివాళ్ల నుంచి 19 ఏళ్లవాళ్ల దాకా అందరికీ ఆల్బెండజోల్. రెండేళ్లు నిండినవాళ్లకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అంతకంటే చిన్నవాళ్లకు అందులో సగం. నమిలి మింగాలి. ఆశా అక్క డబ్బా పట్టుకొని వస్తుంది. మేం పేర్లు పిలుస్తాం, మాత్ర ఇస్తాం, రిజిస్టర్‌లో టిక్కు పెడతాం. పది నిమిషాల పని.

ఈసారి ఫస్టియర్ క్లాసులో ముందు బెంచీ అమ్మాయి ఒకతి చేయి చాపలేదు.

"మాకొద్దు మేడం. మా ఇంట్ల అంతా సాఫ్ ఉంటది. గివి బస్తీ పోరగాళ్లకు."

క్లాసంతా నవ్వింది. చెడ్డపిల్ల కాదు ఆ అమ్మాయి. ఇంట్లో విన్నది అప్పజెప్పింది, అంతే. కానీ నా కళ్లు మూడో బెంచీ మీదికి పోయాయి. అక్కడ మూసీ ఒడ్డు నుంచి వచ్చే ఒక పిల్లవాడు అప్పటికే మాత్ర నోట్లో వేసుకొని నములుతున్నాడు. నవ్వు వినగానే దవడ ఆగిపోయింది. తల వంచి, నోట్లోది మెల్లగా అరచేతిలోకి తీసుకొని, గుప్పిట మూసేశాడు.

"అందరూ వేసుకోవాలి. సర్కారు రూలు" అన్నాను. పాఠంలోకి పోయాను. స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెబితే తోటి లెక్చరర్ ఒకాయన టీ తాగుతూ, "ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది మేడం? అవసరం వాళ్లకే కదా" అన్నాడు. నేను ఏమీ అనలేదు. పీహెచ్‌డీ వైవాలో దళిత సాహిత్యం మీద రెండు గంటలు వాదించిన నోరు, ఒక చిన్న మాత్ర దగ్గర పడిపోయింది.

మిత్రులారా, ఎందుకు పడిపోయిందో చెప్పాలంటే మిమ్మల్ని నా మూడో తరగతికి తీసుకుపోవాలి. ఈ సంగతి నేను ఎక్కడా రాయలేదు. ఇంట్లో కూడా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

మాది సూర్యాపేట వైపు ఊరు. అమ్మమ్మ కాలంలోనే కరువుకు ఊరు విడిచి పట్నం వచ్చి, చాదర్‌ఘాట్ వంతెన దిగువన మూసీ ఒడ్డున గుడిసె వేసుకున్నారు. మాదిగోళ్లం. అటు నాలుగిళ్లు మావి, ఇటు పదిళ్లు తురకోళ్లవి, మధ్యలో ఒకటే నల్లా. అమ్మ వీధులు ఊడ్చే పనికి పోయేది. నేను దగ్గర్లోని బడికి పోయేదాన్ని. ఆ బడి పేరు చెప్పను, టీచరమ్మ పేరూ చెప్పను. ఇప్పుడు వాటితో పని లేదు.

ఆ రోజు నాకు పొద్దున్నుంచే ఒళ్లు కాలుతోంది. అమ్మకు పని తప్పదు కాబట్టి బడికి పంపింది. ఎక్కాలు చెప్పేటప్పుడు కడుపులో తిప్పింది. లేచి బయటికి పోదామనుకునేలోపే బెంచీ ముందు వాంతి చేసుకున్నాను. వాంతిలో రెండు పాములు పడ్డాయి. జానెడుకు పైనే పొడుగు. లేత గులాబీ రంగు. బతికే ఉన్నాయి, మెదులుతున్నాయి.

పిల్లలు బెంచీలెక్కి అరిచారు. టీచరమ్మ గోడ దాకా వెనక్కి పోయి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "మీ ఇళ్లల్ల అంతేనే! తిండీ తీర్థం, శుభ్రం సున్న" అంది. నన్ను ముట్టుకోవద్దని అందరికీ చెప్పింది. నాతోపాటు మా బస్తీ పిల్లలు ఇంకో ఇద్దరిని లేపి, ముగ్గురినీ తలుపు దగ్గర విడిగా కూర్చోబెట్టింది. పక్క గల్లీలో ఊడుస్తున్న మా అమ్మను పిలిపించింది. నన్ను ఇంటికి తీసుకుపొమ్మని అనుకున్నాను. కాదు, ముందు క్లాసు కడగమంది. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, బూడిద పోసి, ఎత్తి, నీళ్లు కొట్టి కడిగింది. నేను తలుపు దగ్గర కూర్చొని చూశాను.

ఆ ఏడాది పూర్తయ్యేదాకా మా ముగ్గురి బెంచీ విడిగానే ఉంది. నా పేరు "పాము" అయింది.

చాలా ఏళ్ల తర్వాత, యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు, మెడిసిన్ చదివే ఒక స్నేహితురాలి దగ్గర పరాన్నజీవుల పుస్తకం చూశాను. బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. మనం ఏలికపాము అనేది అదే, అస్కారిస్. ఆ రాత్రి ఆ అధ్యాయం మొత్తం ఆమెతో చదివించుకున్నాను. తర్వాత నేనూ వెతికి వెతికి చదివాను. నా పీహెచ్‌డీ కోసం కూడా అంత శ్రద్ధగా చదివి ఉండను.

ఏలికపాము ఆడది 20 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చిన్నపేగులో ఉంటుంది. రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు కంటికి కనిపించవు. మలంతో బయటికి వస్తాయి. మరుగుదొడ్డి సరిగా లేని చోట మట్టిలో, నీళ్లలో, కూరగాయల మడుల్లో పడతాయి. మట్టి మీద ఆడే పిల్లల గోళ్లలోకి, కడగని కూరలోకి, అక్కడి నుంచి నోట్లోకి పోతాయి. కడుపులో గుడ్డు పగిలి పిల్ల బయటికి వస్తుంది. అది పేగు గోడను తొలుచుకొని రక్తంలో పడి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ కొన్ని రోజులు పెరిగి, గాలిగొట్టం వెంట గొంతులోకి ఎక్కుతుంది. మనం గుటక వేస్తాం. మళ్లీ పేగులోకే వస్తుంది, ఈసారి ఉండిపోవడానికి. గుడ్డు మింగిన రెండు మూడు నెలలకు అది తానే గుడ్లు పెట్టే పామవుతుంది. మా బస్తీ పిల్లలకు విడవని పొడి దగ్గులు ఉండేవి. వాటిలో కొన్నయినా ఈ ప్రయాణపు దగ్గులేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

జ్వరం వస్తే ఏలికపాములు తమ చోటు విడిచి తిరుగుతాయట. నోట్లోంచి, ముక్కులోంచి బయటికి రావడం డాక్టర్లకు తెలిసిన సంగతే. ఎక్కువ ఉంటే ఉండలు కట్టి పేగును మూసేస్తాయి, పైత్యనాళంలో దూరతాయి. ఏమీ చేయకుండా ఊరికే ఉన్నా, పిల్ల తిన్న తిండిలో వాటా తీసుకుంటాయి. పిల్ల ఎదగదు. పొట్ట ముందుకు వస్తుంది, కాళ్లూ చేతులూ పుల్లలవుతాయి. పాఠం తలకెక్కదు. అప్పుడు "మొద్దు" అంటారు.

ఆ అధ్యాయంలో రెండు సంగతులు నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మొదటిది: ఏలికపాములు మన కడుపులో సంతానం పెంచుకోవు. గుడ్లు పెడతాయి గానీ ఆ గుడ్లు అక్కడే పాములు కాలేవు, బయటికి పోవాల్సిందే. అంటే కడుపులో ఎన్ని పాములుంటే అన్నిసార్లు బయటి నుంచి ఒక గుడ్డు మింగినట్టు. ఇంకా తెరిచి చెప్పాలంటే, అన్నిసార్లు ఎవరి మలమో మన నోట్లోకి వచ్చినట్టు. నా వాంతిలో పడ్డ ఆ రెండు పాములూ నా ఇంటి శుభ్రానికి గుర్తు కాదు. ఎవరెవరి దొడ్లో ఎక్కడెక్కడి నుంచి కొట్టుకొచ్చి మా గడప ముందు ఆగాయనేదానికి గుర్తు.

రెండోది: అప్పుడే బయటపడ్డ గుడ్డు ఎవరికీ హాని చేయలేదు. వెచ్చని తడి మట్టిలో కనీసం రెండు మూడు వారాలు పండితేనే దానికి అంటే శక్తి వస్తుంది. ఏలికపాము మనిషిని ముట్టుకుంటే రాదు. పక్కన కూర్చుంటే రాదు. ఒకే బెంచీ మీద రాస్తే రాదు. సన్నగా తెల్లదారాల్లా ఉండే నులిపురుగులు వేరు. రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టేవి అవే. చేతుల నుంచి, పక్కబట్టల నుంచి ఇంటిల్లిపాదికీ పాకుతాయి. వాటికి పెద్దింటి పిల్లలు, బస్తీ పిల్లలు అన్న తేడా లేదు. అమీబా, జియార్డియా కూడా చేతుల మీదుగా పాకగలవు. కానీ నాకు వచ్చింది ఏలికపాము. మా ముగ్గురినీ ఏడాదిపాటు తలుపు దగ్గర కూర్చోబెట్టడానికి వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. మరి ఆ బెంచీని విడదీసింది ఏ శాస్త్రమో మీకు వేరే చెప్పనవసరం లేదు.

తెలుగు చదివినదాన్ని కాబట్టి నాకు మాట దగ్గర ఆగే అలవాటు. "అంటు" అనే మాట చూడండి. అంటడం అంటే తాకడం, అతుక్కోవడం. ఆ ఒక్క మాట నుంచే "అంటువ్యాధి" వచ్చింది, "అంటరానితనం" కూడా వచ్చింది. ఒక భాష ఈ రెంటినీ ఒకే వేరు మీద నిలబెట్టిందంటే, ఆ భాష మాట్లాడేవాళ్ల మనసులో రోగమూ, మేమూ పక్కపక్కనే ఉన్నామన్నమాట. కానీ రెండింటి దారులూ వేరు. రోగం దారి మలం నుంచి మట్టికి, నీళ్లకు, నోటికి. అంటరానితనం దారి మలం చేసినవాడిని విడిచిపెట్టి, దాన్ని ఎత్తినవాడి దగ్గర మొదలవుతుంది. మలం చేసినవాడు స్నానం చేసి శుభ్రమైపోతాడు. ఎత్తినవాడు తరతరాలు మైల.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో చవదార్ చెరువుకు నడిచి దోసెడు నీళ్లు తాగారు. తర్వాత అక్కడి సవర్ణులు ఆ చెరువును శుద్ధి చేశారు. దేనితో? ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండలు చెరువులో పోసి. పరాన్నజీవుల పుస్తకం పక్కన పెట్టుకొని ఈ చరిత్ర చదివితే నవ్వొస్తుంది. తర్వాత ఏడుపొస్తుంది. తాగే నీళ్లలో పేడ పోస్తే శుద్ధి. మనిషి దోసిలి పెడితే అంటు.

ఇప్పుడు మా బస్తీ నీళ్ల దగ్గరికి వద్దాం.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. నగరానికి తాగునీళ్లొచ్చాయి, వరద భయమూ తగ్గింది. కానీ నగరం పెరిగేకొద్దీ మంచినీళ్లు పైన ఆగిపోయి, కిందికి మురుగు ఒక్కటే పారసాగింది. వానాకాలం దాటితే పాతబస్తీ పక్కన మూసీలో పారేది ఎక్కువగా మనుషులు వాడి వదిలిన నీళ్లే. మా గుడిసెలు ఆ ఒడ్డున ఉన్నాయి. మాకు మరుగుదొడ్డి లేదు. నదీ, చీకటీ ఉన్నాయి.

నల్లా మరీ విచిత్రం. రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో నీళ్లొచ్చేవి. నీళ్లు వచ్చినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, బయటి మురికి లోపలికి రాదు. నీళ్లు ఆగినప్పుడు పైపు ఖాళీ. ఎక్కడ పగులుంటే అక్కడి నుంచి చుట్టూ ఉన్న మోరీ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నల్లా తిప్పగానే మొదట వచ్చేది అదే. అమ్మ మొదటి రెండు బిందెలు పారబోసేది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, వాసనే చెప్పింది. బస్తీలో బంక విరేచనాలు, రక్తం పడటం వానాకాలపు మామూలు. అమీబా కోశాలు మామూలు మోతాదు క్లోరిన్‌కు చావవు, కాచిన నీళ్లకే చస్తాయి. నీళ్లు కాచాలంటే కిరోసిన్ కావాలి. బియ్యం ఉడికించిన స్టవ్వు మీద అందరికీ నీళ్లు కాచేంత కిరోసిన్ రేషన్లో రాదు.

ఇది మా బస్తీ ఒక్కదాని కథ కాదు. 2005 మార్చి నుంచి ఆగస్టు దాకా హైదరాబాదులో పచ్చకామెర్లు, అంటే హెపటైటిస్-ఇ, పదహారు వందలకు పైగా మందికి వచ్చింది. నల్లా పైపులు మురుగు నాలాలను దాటుకొని పోయే చోట్ల ఎక్కువ వచ్చిందని పరిశోధకులు తేల్చారు. 2009 మేలో ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. అవి వైరస్, బాక్టీరియా. పరాన్నజీవులు కావు. కానీ దారి అదే. నల్లాకూ నాలాకూ మధ్య ఉండాల్సిన దూరం ఎవరి వాడల్లో ఉండదో, ఈ రోగాలన్నీ ఆ వాడల్లోనే కలుస్తాయి.

అమ్మమ్మ గురించి చెప్పకపోతే ఈ పాఠం సగమే.

అమ్మమ్మ గడ్డి కోసేది. మూసారంబాగ్ అవతల మూసీ వెంట మురుగునీళ్లు కట్టి పారాగడ్డి పెంచే మడులుండేవి. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది ఆ గడ్డి. నగరంలోని బర్ల దొడ్లకు అదే మేత. తెల్లారకముందే పోయి, మోకాళ్ల లోతు నల్లటి నీళ్లలో చెప్పుల్లేని కాళ్లతో నిలబడి కోసి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకొని గట్టుకు మోసేది. మోపుకింత అని కూలి. మధ్యాహ్నం ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడేది. వేళ్ల సందుల్లో దురద, పసుపూ సున్నమూ పెట్టుకునేది. మెట్టెక్కితే ఆయాసం. కనురెప్ప కింద తెల్లగా సున్నం కొట్టినట్టుండేది. అప్పుడప్పుడు మట్టిపెళ్ల కొరుక్కు తినేది, మేం నవ్వేవాళ్లం. గడ్డి మడుల మేస్త్రీ ఆమెను "పని దొంగ" అనేవాడు. "కూసుంటే లేవదు ముసల్ది" అనేవాడు. ఆమెకప్పటికి యాభై కూడా లేవు.

హుక్‌వర్మ్ అంటే కొంకిపురుగు. సెంటీమీటరు పొడవుంటుంది. ఇది నోటిదారి కోసం ఆగదు. మలంతో పడ్డ గుడ్డు తడి మట్టిలో ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది. వారం, పది రోజుల్లో పిల్లపురుగు సిద్ధమవుతుంది. ఆ మట్టి మీద ఉత్తకాళ్లతో నిలబడితే చర్మంలోంచే లోపలికి పోతుంది. అది దూరిన చోటే ఆ దురద. రక్తంలో, ఊపిరితిత్తుల్లో తిరిగి పేగుకు చేరి, గోడను కొరికి పట్టుకొని రక్తం తాగుతుంది. జాతిని బట్టి ఒక్కో పురుగు రోజుకు 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల రక్తం తీస్తుంది. లెక్క వేసుకోండి. వంద పురుగులుంటే రోజుకు 3 నుంచి 20 మిల్లీలీటర్లు. రక్తదానంలో ఒకసారి తీసేది 350 మిల్లీలీటర్లు. దానం చేసినవాళ్లకు పండ్లరసం ఇచ్చి పడుకోబెడతారు. మా అమ్మమ్మలాంటి వాళ్లు ఏళ్ల తరబడి ఆ దానం చేస్తూనే మోపులు మోశారు. రక్తం తక్కువైతే కొందరికి మట్టి తినాలనిపిస్తుందని కూడా అప్పుడే చదివాను.

అమ్మమ్మ ఒంట్లో హుక్‌వర్మ్ ఉందని చూపడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఆమెకు ఎవరూ ఆ పరీక్ష చేయలేదు. చివరి రోజుల్లో దవాఖానకు తీసుకుపోతే "రక్తం లేదు" అన్నారు. రక్తం ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. కానీ 2008లో యెరూన్ ఎన్సింక్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించాడు. మన హైదరాబాదు మూసీ వెంట, శుద్ధి చేయని మురుగునీళ్లతో సాగు చేసే కుటుంబాలను, దూరంగా నది నీళ్లతో సాగు చేసే కుటుంబాలతో పోల్చి చూశారు. మురుగునీళ్ల వాళ్లకు హుక్‌వర్మ్ ముప్పు మూడు రెట్లకు మించి, ఏలికపాముల ముప్పు అయిదు రెట్లకు మించి ఉంది. అది చదువుతుంటే ఆ అంకెల్లో మా అమ్మమ్మ కాళ్లు కనిపించాయి.

ఇంకో సంగతి. 1902లో అమెరికాలో చార్లెస్ వార్డెల్ స్టైల్స్ అనే శాస్త్రవేత్త, దక్షిణ రాష్ట్రాల పేదల్లో హుక్‌వర్మ్ విపరీతంగా ఉందని చెప్పాడు. ఆ పేదలను అంతవరకూ సోమరులనీ, చేతకానివాళ్లనీ అనేవాళ్లు. పత్రికలు వెంటనే ఆ పురుగుకు "సోమరితనపు క్రిమి" అని పేరు పెట్టాయి. వెటకారమే, కానీ అందులో ఒక ఒప్పుకోలు ఉంది: సోమరితనం మనుషుల్లో కాదు, పేగులో ఉంది. 1909లో రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లిచ్చి ఒక కమిషన్ పెట్టించాడు. మందు ఇచ్చారు, మరుగుదొడ్లు కట్టుకోవడం నేర్పారు. మా అమ్మమ్మను పని దొంగ అన్నవాడికి, పేగులో చూడాలన్న ఆలోచన వందేళ్ల తర్వాత కూడా రాలేదు. చూడాల్సిన అవసరం లేదు మరి. ఈ దేశంలో ఆమె "సోమరితనానికి" కారణం ముందే రాసిపెట్టి ఉంది, కులం పేరుతో.

మన దగ్గర ఈ గొలుసును తెంచడానికి బతుకు ధారపోస్తున్నవాళ్లు ఉన్నారు. బెజవాడ విల్సన్ మనవాడే. కోలార్ బంగారు గనుల్లో మలం ఎత్తే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టి పొడి దొడ్లను కూల్చాడు. ఎత్తే పనిని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం నిషేధించాయి. మ్యాన్‌హోల్‌లో దిగి చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చావుకు ధర పెరిగింది. చావు ఆగలేదు. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చస్తే వార్తవుతుంది. పేగులోంచి బొట్టు బొట్టుగా కారి చస్తే వార్త కూడా కాదు.

మళ్లీ మాత్ర దగ్గరికి వస్తాను.

మాత్ర మంచిదే. చాలా మంచిది. పురుగు తన తిండిని, చక్కెరను పీల్చుకోకుండా చేసి చంపుతుంది. కడుపులో పురుగులు ఎక్కువున్న పిల్లలకు ఆ రోజు కొంచెం కడుపునొప్పి, వికారం రావచ్చు, తగ్గిపోతుంది. ఎవరూ మానొద్దు. నా చిన్నప్పుడు ఈ కార్యక్రమం ఉంటే నా మూడో తరగతి వేరేగా ఉండేది. కానీ మాత్ర కడుపును కడుగుతుంది గానీ వాకిలిని కడగదు. మట్టిలో గుడ్లు ఏళ్ల తరబడి బతకగలవు. నల్లా అదే, నాలా అదే అయితే కొన్ని నెలల్లో మళ్లీ కడుపు నిండుతుంది. అందుకే ఆర్నెల్లకోసారి ఇస్తారు. ఆర్నెల్లకోసారి మాత్ర ఇవ్వడం ప్రతి సర్కారుకూ చేతనవుతుంది. మరుగుదొడ్డికి గొట్టం వేసి, ఆ గొట్టాన్ని శుద్ధి కేంద్రం దాకా తీసుకుపోవడం మాత్రం మా గల్లీ మొదట్లోనే ఆగిపోతుంది. 2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో మూసీని బాగుచేస్తామంటూ చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల మీద ఎర్రరంగు గుర్తులు వేశారు. నదిలోకి మురుగు వదిలిన ఇళ్లకు గుర్తు పడలేదు. ఆ మురుగు పక్కన బతికిన ఇళ్లకు పడింది.

మరునాడు క్లాసులో పుస్తకం మూసి, నా మూడో తరగతి చెప్పాను. పాములు, బూడిద, బెంచీ, అమ్మ, అన్నీ. గొంతు వణికింది. ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీ అమ్మాయి చాలాసేపు కిందికి చూసి, చివరికి అడిగింది: "మరి మా ఇంటికి ఎట్లొస్తయి మేడం?"

చెప్పాను. మీ ఇంటి కొత్తిమీర ఏ నీళ్లతో పెరిగిందో నీకు తెలుసా? పాలిచ్చే బర్రె ఏ మడి గడ్డి తిన్నది? మీ నల్లా, వాళ్ల నల్లా ఒకే పైపు కొమ్మలు. మీరు కూర కడుగుతారు, ఉడికిస్తారు, నీళ్లు ఫిల్టర్ పడతారు కాబట్టి ముప్పు తక్కువ. లేదని కాదు. ఆ కూర కోసినామెకు ఆ వీలు లేదు, అంతే తేడా. ఆకుకూరలు బాగా కడగండి, నీళ్లు కాచి తాగండి, గోళ్లు కత్తిరించుకోండి, దొడ్డికి పోయొచ్చాక సబ్బుతో చేతులు కడగండి, ఉత్తకాళ్లతో తిరగకండి. ఇవన్నీ చేయండి. చేయలేనివాళ్లను మాత్రం శుభ్రత లేదని అనకండి. శుభ్రతకు మనసొక్కటే చాలదు. నీళ్లు, దొడ్డి, చెప్పులు, కిరోసిన్ కావాలి.

వెనక నుంచి ఒక సాయిబుల పిల్లవాడు, "మేడం, హమారే నల్లే మే భీ బద్‌బూ ఆతీ" అన్నాడు. ఇంకొకడు "మాకు కూడా" అన్నాడు. ఎవరి గల్లీలో నీళ్లు ఏ రంగులో వస్తాయో చెప్పుకోవడంతో ఆ గంట అయిపోయింది. మూడో బెంచీ పిల్లవాడు ఏమీ మాట్లాడలేదు. గంట కొట్టాక నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మేడం, మాత్ర ఇంకోటి దొరుకుతదా? నిన్నటిది కింద పడ్డది" అన్నాడు. తప్పిపోయినవాళ్లకు 17న మళ్లీ ఇస్తారు, రమ్మన్నాను. వచ్చాడు. నా ముందే నిలబడి నమిలి మింగాడు. ఆ అమ్మాయి కూడా ఆ రోజే వేసుకుంది.

ఇదంతా రాసి, పోస్టు చేసే ముందు అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు మొదట కోపం వచ్చింది.

"గదెందుకు రాస్తవు బిడ్డా? నలుగురు సదువుతరు. మీ అత్తగారోళ్లు సూస్తే ఏమనుకుంటరు? పురుగులు పడ్డ పిల్లను చేసుకున్నమని అనుకోరా?"

"అనుకోనీయమ్మా. ఆ పురుగులు మనయి కావు" అన్నాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. తర్వాత తలెత్తకుండానే అంది:

"రాస్తే అంత రాయి. నేను గప్‌చుప్‌గ కడిగి రాలే. టీచరమ్మతోని ఒక మాట అన్న. 'అమ్మా, నా బిడ్డ నుదురు ముట్టి సూడున్రి, జరంతోని కాలుతున్నది, పొద్దుగాల్ల నుంచి ఎవలన్న ముట్టి సూసిన్రా' అన్న. ఆమె ముట్టలే. నేనే కడిగిన చేతులు కొంగుకు తుడుసుకొని ముట్టి సూసిన. గది రాయి."

రాశాను.

జై భీమ్.